ఐదో చప్పుడు

గోదావరిఖని,
6 జులై 2024

సంధ్యకు,

మొగిలి కాక రాసేది. నువ్వు పంపిన పార్సిల్ మొన్న అందింది. మీ చిన్నమ్మ దాన్ని గడ్డం గీసుకునే మిషన్ అనుకుని అద్దం దగ్గర పెట్టింది. కాదే, అది చప్పుళ్లు పట్టే రికార్డర్ అని నచ్చజెప్పి తెచ్చుకునేసరికి ఒక పూట పట్టింది.

నాకు ఫోన్ చేసి లాభం లేదని నీకు తెలుసు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో ఎవరు మాట్లాడినా తేనెటీగల రొదే. పోనీ మెసేజ్ కొడదామంటే ఒక అక్షరం మీద వేలు పెడితే నాలుగు పడుతున్నాయి. ఇరవై ఏళ్లు యూనియన్ నోటీసులు రాసిన చెయ్యి నాది, దానికి కలమే అచ్చొచ్చింది. నువ్వు విసుక్కోకుండా ఉత్తరానికి ఉత్తరం రాస్తున్నావు, అది నాకు గొప్ప సంతోషం. మీ నాన్న నస్పూర్‌లో ఉండి కూడా నాకు చీటీ ముక్క రాయడు.

చెవిటివాణ్ణి చప్పుళ్లు ఏరుకు రమ్మన్న మనిషివి ఈ లోకంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు. బిక్షంతో చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. బిక్షం అంటే నాతో ఒకే గనిలో ఇరవై ఎనిమిదేళ్లు చేసినవాడు, ఇప్పుడు మా వెనక క్వార్టర్ల లైన్లో ఉంటాడు. "నీకు ఇనరాదు, నాకు పాడరాదు. మనిద్దరం కలిసి పాట చేద్దామా మరి?" అన్నాడు. నాకు వినబడాలని రెండుసార్లు అరిచి మరీ అన్నాడు.

అయినా బయల్దేరాను. ముందు వస్తువు మీద అరచెయ్యి ఆనిస్తాను. అదురు చేతికి తెలిస్తే రికార్డర్ నొక్కుతాను. ఆ పద్ధతిలో మా నల్లా నీళ్లు వచ్చే ముందు పైపు దగ్గే దగ్గు పట్టాను. క్యాంటీన్‌లో చాయ్ గ్లాసులు కడిగి బోర్లించే చప్పుడు పట్టాను. మా గనిలోనే చేసిన బుచ్చన్న స్కూటర్ ఏడుసార్లు మొరాయించడం కూడా పట్టాను. ఎనిమిదోసారి స్టార్టయింది, దానితో మనకు పని లేదని ఆపేశాను.

చప్పుళ్లున్న మెమరీ కార్డు కవర్లో పెట్టాను. వేళకు తిను.

నీ కాక,
మొగిలి


పుణె,
15 జులై 2024

మొగిలి కాకకు,

నీ సంధ్య నమస్కారాలు. నీ కార్డు వచ్చిన రోజు ల్యాబ్‌కు ఆలస్యంగా వెళ్లాను. అక్కడ నా పనేమిటో నీకు తెలుసుగా, సిమెంటు దిమ్మెలను మిషన్లో పెట్టి ఎంత బరువుకు పగులుతాయో రాయడం. ఆ రోజు మూడు దిమ్మెలు నా కోసం ఎదురుచూశాయి.

నా వాయిద్యం గురించి నీకు సరిగ్గా చెప్పలేదు. అరచేతి కన్నా కాస్త పెద్ద పెట్టె. క్యాలిక్యులేటర్‌కు ఉన్నట్టు పదహారు మీటలు. ఏ చప్పుడైనా అందులోకి ఎక్కించి, కావలసినంత ముక్క కోసుకుని, ఒక మీట కింద పెట్టుకోవచ్చు. మీట నొక్కితే ఆ ముక్క పలుకుతుంది. సన్నగా, లావుగా, వెనక నుంచి ముందుకు, ఎట్లా కావాలంటే అట్లా. దాన్ని శాంప్లర్ అంటారు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయిస్తాను. పక్క సీటామె నేను చిట్టా లెక్కలు చూస్తున్నాననుకుంటుంది.

నీ పైపు దగ్గును నెమ్మదిగా నడిపించాను. పెద్దమనిషి ఒకాయన పంచాయితీలో మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకున్నట్టు ఉంది. బుచ్చన్న గారి స్కూటర్ ఇప్పుడు నాకు డప్పు. చాయ్ గ్లాసులు గజ్జెలు. నిజం చెబుతున్నాను కాకా, చెవులున్న నా స్నేహితులెవరూ ఇట్లా పట్టలేరు. వాళ్లు దూరం నుంచి వింటారు. నువ్వు చెయ్యి పెట్టి పడతావు, అందుకే నీ చప్పుళ్లన్నీ వస్తువు లోపలి నుంచి వస్తాయి.

ఒక్కటి అడుగుతాను. నాకు గని లోపలి చప్పుడు కావాలి.

చిన్నమ్మకు అద్దం దగ్గర పెట్టుకోవడానికి వేరే ఏదైనా పంపుతాను.

సంధ్య


గోదావరిఖని,
28 జులై 2024

సంధ్యకు,

గని చప్పుడు అడిగావు. బ్యాటరీతో నడిచే ఇట్లాంటి వస్తువును గనిలోకి తీసుకుపోనివ్వరు బిడ్డా. లోపల గ్యాసుంటుంది, చిన్న నిప్పురవ్వ కూడా పనికిరాదు. దిగే ముందు జేబులు తడిమి చూస్తారు. పైగా నేను రిటైరై నాలుగేళ్లు, మా గని మూతపడి రెండేళ్లు.

కానీ నువ్వు అడిగాక ఊరుకుంటే నేనేం కాకను? సర్వీసు చివర్లో ఐదేళ్లు నేను కొత్తవాళ్లకు పని నేర్పిన శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ నేల మీదే ఒక నమూనా గని కట్టారు. నల్ల రంగు గోడలు, తలకు తగిలే కప్పు, దాన్ని మోసే కర్ర దిమ్మలు, అన్నీ ఉంటాయి. అక్కడి సారును అడిగితే, "మొగిలన్నా, నువ్వు అడుగుడేంది, పో," అన్నాడు.

పనికి దిగినవాడు మొట్టమొదట కప్పు కొట్టి చూస్తాడు. కుడిచేత్తో ఇనుప మొన ఉన్న కర్ర. ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి ఉంచాలి. కొట్టాలి, వినాలి, అదురు చూడాలి. అది అయ్యాకే ఏ పనైనా. నేను ఎన్ని వందల మందికి నేర్పానో నాకే లెక్క లేదు.

నమూనా కప్పులో ఐదు చోట్లున్నాయి. అలవాటు కొద్దీ ఐదూ కొట్టేశాను. మొదటి నాలుగు వాడుకో. ఐదోది తీసెయ్యి, అది వాడకు.

మీ చిన్నమ్మ వరుగులు పంపుతోంది. కార్డు వాటి మధ్యలో ఉంది, జాగ్రత్తగా చూడు.

మొగిలి కాక


పుణె,
9 ఆగస్టు 2024

కాకకు,

వరుగుల వాసన ఇంకా కార్డుకు పోలేదు. మొదటి నాలుగు చప్పుళ్లు కంచు గిన్నె మీద కొట్టినట్టు ఖంగుమన్నాయి, చాలా బాగున్నాయి. కానీ నువ్వు వద్దన్న ఐదోది ఉంది చూడు. అంత బరువైన చప్పుడు నేను ఇంతవరకు వినలేదు. చెవికి కాదు, కడుపుకు వినిపిస్తుంది. ఎందుకు వద్దన్నావో రాయలేదు. గరగర ఏమీ లేదు, శుభ్రంగా పడింది. నీ చేతికి మందంగా తగిలి నచ్చలేదేమో అనుకున్నాను.

పన్నెండు నిమిషాల పాట తయారవుతోంది. ఇక్కడ ఒక చిన్న హోటల్లో ఇరవై మంది ముందు సగం వాయించాను. చప్పట్లు కొట్టారు. తర్వాత ఒకామె, ఈ చప్పుళ్లు ఎవరివి అని అడిగింది. మావి అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. నేను ఒక్క రోజు గనిలో దిగలేదు. మా నాన్నా దిగలేదు. నువ్వు చెమటోడ్చిన చోటు నుంచి చప్పుడు తెచ్చుకుని నాదని చెప్పుకుంటున్నాను.

అందుకని ఒకటి నిశ్చయించుకున్నాను. గనిలో పనిచేసినవాళ్ల ముందే ఇది వాయించాలి. వాళ్లు విని, ఇది మాదే అంటే ఈ పని చేస్తూ ఉంటాను. కాదంటే పెట్టె మూసేస్తాను. మాటవరసకు అనడం లేదు.

సంధ్య


గోదావరిఖని,
20 ఆగస్టు 2024

సంధ్యకు,

కోర్టుకు వెళ్తున్నట్టు రాశావు. సరే, కోర్టు తయారు చేశాను. మా పాత గనివాళ్లం ఏటా ఒకసారి కలుస్తాం. ఈసారి సెప్టెంబర్ 15, ఆదివారం, కమ్యూనిటీ హాల్లో. భోజనాలకు ముందు నీకు పావుగంట.

అంత తేలిగ్గా రాలేదు ఆ పావుగంట. బుచ్చన్న కమిటీ పెద్ద. "మందికి పాటలు గావాలె గని స్కూటర్ చప్పుడు ఎవలు ఇంటరు?" అన్నాడు. బిక్షం ఊరుకోలేదు. "మొగిలి బిడ్డ అంత దూరంకెల్లి వస్తున్నది. నీ స్కూటర్‌ను పాట చేసింది, నీకు ఇంకేం గావాలె?" అన్నాడు. ఇదంతా వాళ్లు తర్వాత కాగితం మీద రాసి చూపిస్తే తెలిసింది.

ముందే ఒక మాట. మావాళ్లకు చప్పట్లు కొట్టడం పెద్దగా అలవాటు లేదు. నచ్చితే కదలకుండా కూర్చుంటారు, అంతే. దాన్ని బట్టి నువ్వే తెలుసుకో.

ఐదోది వద్దన్న మాట మరిచిపోకు. ఎందుకని అడగకు. గని మాట ఇంటికి తేవడం నాకు అలవాటు లేదు.

నా కంటి శుక్లం ఆపరేషన్ అక్టోబర్లో అన్నారు. అంటే నిన్ను మసక కంటితోనే చూస్తాను. ఏం ఫికరు లేదు, నీ మొహం నాకు తెలియనిదా!

మొగిలి కాక


పుణె,
18 సెప్టెంబర్ 2024

కాకకు,

నీ ఆపరేషన్ ముందుకు జరిగి నువ్వు కరీంనగర్ దవాఖానలో ఉన్నావని రామగుండం స్టేషన్లో దిగాకే తెలిసింది. బిక్షం కాక వచ్చి నన్ను తీసుకెళ్లాడు. నువ్వు తిరిగి పంపిన రికార్డర్ నా చేతికిచ్చాడు. పాట ఎక్కించిన పెన్‌డ్రైవ్ నీకోసం ఆయనకు ఇచ్చాను. నీ కన్ను ఎట్లా ఉందో ముందు రాయించు.

జరిగింది నీకు ఎవరైనా చెప్పి ఉంటారు. అయినా నా నోటితో నేనే చెప్పాలి.

హాల్లో ఎనభై మంది దాకా ఉన్నారు. నాలుగు నిమిషాలు ఎవరూ కదల్లేదు. నువ్వు రాసింది గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. స్కూటర్ వచ్చినప్పుడు బుచ్చన్న గారు నవ్వారు, పక్కాయన ఆయన భుజం తట్టాడు. అప్పుడు ఐదో చప్పుడు వేశాను. అవును కాకా, వాడాను. వద్దన్నావు, అయినా ఆ పాటకు అదే వెన్నెముక అనిపించింది. అక్కడి నుంచి చివరిదాకా అదే తాళం.

రెండు దెబ్బలు పడ్డాయో లేదో ముందు వరుస లేచింది. దాని వెనక వరుస, ఆ వెనక వరుస. ఎవరూ ఒక్క మాట అనలేదు, నా వైపు చూడలేదు. కుర్చీలు పడ్డాయి. నిమిషంలో హాలు ఖాళీ. నా చేతులు వాటంతటవే మీటలు నొక్కుతూనే ఉన్నాయి. అప్పుడు బిక్షం కాక ఒక్కడే వెనక్కి వచ్చాడు. స్టేజీ ఎక్కి నా మోచెయ్యి పట్టి లాగాడు. స్పీకర్ వైర్లు ఊడిపోయాయి. ఏదో అన్నాడు, హెడ్‌ఫోన్లలో నాకు వినపడలేదు. వినాలనీ అనిపించలేదు. చెయ్యి విడిపించుకుని, సామాను సంచిలో కుక్కుకుని, పక్క తలుపు నుంచి ఆటో ఎక్కాను.

వాళ్లది తప్పనడం లేదు. తీర్పు అడిగాను, ఇచ్చారు. కానీ స్టేజీ మీద నుంచి లాగేయాలా కాకా? పొద్దున స్టేషన్లో నా సంచి మోసిన మనిషి.

సంధ్య


గోదావరిఖని,
19 సెప్టెంబర్ 2024

బిడ్డా సంధ్యా,

నేను సారలమ్మ చిన్నమ్మను. మీ కాక కంటికి పట్టి ఉన్నది, ఆయన చెప్తుంటె నేను రాస్తున్న. ఆపరేషన్ మంచిగనే అయింది. పదిహేను ఇరువై దినాలు సదువుడు, రాసుడు వద్దన్నరు.

నీ పాటకు మంది మంది ఒక్కపారి లేసిన్రంట గద. దవాఖానల ఎవలో చెప్తె నేను ఈయన చెవుల ఒర్రి చెప్పిన. గంత గౌరవం నా రిటైర్మెంటు నాడు నాకు గూడ దక్కలె అని రాయమంటున్నడు. శానా సంబురపడుతున్నడు. పైలం బిడ్డా.

చిన్నమ్మ


పుణె,
27 సెప్టెంబర్ 2024

కాకకు,

గౌరవం అని రాయించావు. నా ఉత్తరం అందాక రాయించావో, అందకముందో నాకు తెలియదు. అందాక అయితే, ఎగతాళి నీ దగ్గర నుంచి వస్తుందని నేను అనుకోలేదు. మాట వినలేదని కోపం ఉంటే తిట్టు, పడతాను.

శాంప్లర్‌ను దాని అట్టపెట్టెలో పెట్టి బీరువా పైన పెట్టాను. బస్సులో ఊరికే కూర్చుంటున్నాను. మూడు రోజులకు పక్క సీటామె, లెక్కలు అయిపోయాయా అని అడిగింది. అయిపోయాయన్నాను.

నీ కన్ను జాగ్రత్త.

సంధ్య


గోదావరిఖని,
14 అక్టోబర్ 2024

సంధ్యకు,

నిన్న కొత్త అద్దాలు వచ్చాయి. నీ రెండు ఉత్తరాలనూ మీ చిన్నమ్మ విప్పకుండా బియ్యం డబ్బా మీద దాచింది. చదివితే నేను లేచి కూర్చుంటానని ఆమె భయం. అద్దాలు పెట్టుకోగానే రెండూ ఒక్క బిగిన చదివాను. చదివి బిక్షం ఇంటికి నడిచాను. అతనికి నీ ఉత్తరం చూపించాను. ఆ మొహం నువ్వు చూడలేదు కాబట్టి బతికిపోయావు.

మొదట నా తప్పు చెబుతాను. ఐదోది వద్దన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. నమూనా కప్పులో నాలుగు చోట్ల గట్టి రాయి. ఐదో చోట లోపల కావాలని డొల్ల వదిలి కట్టారు, కొత్తవాళ్లకు ఆ మోత నేర్పడానికి. గనిలో కప్పు అట్లా మోగిందంటే పై పొర విడిపోయిందని అర్థం. ఎప్పుడు పడుతుందో దానికే తెలుసు. ఆ మోత వింటే చేతిలో ఏముంటే అది వదిలి బయటికి రావాలి. మాట్లాడకూడదు, పరుగెత్తకూడదు, వెనక్కి చూడకూడదు. నేను నేర్పింది అదే, మాకు నేర్పింది అదే.

ఈ మాట మీ చిన్నమ్మకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు. తెలిస్తే ప్రతి షిఫ్టుకూ గుమ్మం పట్టుకుని నిలబడేది. ఇంట్లో దాచీ దాచీ నీ దగ్గరా దాచాను. అది నిన్ను ఇట్లా కొట్టింది.

మావాళ్లు నీ పాట నచ్చక లేవలేదు బిడ్డా. నీ పెట్టె చెప్పింది, లేచారు. కమ్యూనిటీ హాలు పైన రేకులే ఉన్నాయని వాళ్లకు తెలుసు. కాళ్లకు తెలియదు. బయటికి వచ్చాక పద్ధతి ప్రకారం మనుషులను లెక్క పెట్టుకున్నారు. బుచ్చన్న లెక్క పెట్టి, "ఒక్కలు తక్కువున్నరు," అన్నాడట. లోపల ఉన్నది నువ్వు. నీ చప్పుడు ఇంకా మోగుతూనే ఉంది. బిక్షం మరో మాట లేకుండా లోపలికి నడిచాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, మోకాళ్లు సరిగ్గా లేవు. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కణ్ణి కప్పు కింద వదిలి రాలేదు. నిన్ను లాగేయడానికి రాలేదు, నిన్ను తీసుకుపోవడానికి వచ్చాడు.

ఆ తర్వాత అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారట. కొందరికి కళ్లలో నీళ్లు కూడా తిరిగాయని బిక్షం రాసి చూపించాడు. రెండేళ్లుగా మూతపడిన గని, ఒక్క దెబ్బకు మళ్లీ వాళ్ల నెత్తి మీదికి వచ్చింది మరి. బుచ్చన్న ఏమన్నాడో బిక్షం అక్షరం పొల్లుపోకుండా రాశాడు, నేనూ అట్లాగే రాస్తున్నాను: "ఇది మనదేరా. పొల్ల మనదాన్నే పట్టుకొచ్చింది." మళ్లీ కూర్చుందామని లోపలికి వెళ్లేసరికి నువ్వు లేవు. నువ్వే కోపగించి పోయావని వాళ్లు బాధపడుతున్నారు.

నేనూ విన్నాను. బిక్షం ఇంట్లో స్పీకర్ మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. చాయ్ గ్లాసులు వేళ్ల చివర్లకు తగిలాయి. స్కూటర్ మణికట్టు దాకా వచ్చింది. ఐదోది రాగానే చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి వేశాను. అంత మందికి నేర్పిన నన్నే నువ్వు కదిలించావు. ఇంతకన్నా గొప్పగా మెచ్చుకోవడం నాకు చేతకాదు. నాతో వచ్చిన మీ చిన్నమ్మ పక్కనే ఉంది. "ఏందది?" అని అడిగింది. ముప్పై ఐదేళ్లకు చెప్పాను. నిన్నటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. అది నేను చూసుకుంటాను.

నీ పాటకు ఒక్క దిద్దుబాటు చెప్పనిస్తావా? దాన్ని తాళం చేశావు, చివరిదాకా కొడుతూ పోయావు. మేం ఆ మోతను రెండోసారి వినం. రెండోసారి వినడానికి అక్కడ ఉండం.

బీరువా పైన ఉన్నదాన్ని కిందికి దించు.

మొగిలి కాక


పుణె,
22 అక్టోబర్ 2024

కాకకు,

నీ ఉత్తరం బస్సులో చదివాను. నా స్టాపు దాటిపోయింది.

పెట్టె దించాను. సంచిలో అడుగున రికార్డర్ కూడా దొరికింది. ఆ రోజు వాయించే ముందు దాన్ని ఆన్ చేసి స్టేజీ అంచున పెట్టాను. అందులో ఏముందో వినే ధైర్యం లేక ఇన్నాళ్లూ తెరవలేదు. ఇవాళ విన్నాను.

ఐదో చప్పుడు రెండుసార్లు. కుర్చీలు. తర్వాత అడుగులు, ఎనభై మందివి, ఒక్కరిది కూడా పరుగు కాదు. తర్వాత చాలాసేపు నా తాళం ఒక్కటే, ఖాళీ హాల్లో. నువ్వు చెప్పింది అప్పుడు అర్థమైంది, ఇక వినలేక ఆపేయబోయాను. అంతలో ఒక జత చెప్పులు వెనక్కి వస్తున్నాయి. ఒక కాలు బరువుగా, ఒక కాలు తేలిగ్గా. మెట్లు. వైర్లు ఊడిన చప్పుడు. ఆ తర్వాత బిక్షం కాక గొంతు, చాలా నెమ్మదిగా, పసిపిల్లతో అన్నట్టు:

"నడువు బిడ్డా. నువ్వు ముందు నడువు. నేను నీ ఎనుకనే ఉన్న."

డిసెంబర్లో రెండు రోజులు సెలవు పెట్టి వస్తున్నాను. ముందు బిక్షం కాక దగ్గరికి వెళ్తాను, తర్వాతే మీ ఇంటికి. బుచ్చన్న గారిని మళ్లీ పావుగంట అడుగు. పాట మార్చాను. ఐదో చప్పుడు ఒక్కసారే వస్తుంది. దాని తర్వాత నేను వాయించేది ఏమీ లేదు. ఆ రోజు రికార్డర్‌లో పడిన అడుగులు బయటికి వెళ్తాయి, ఒక జత తిరిగి వస్తుంది, బిక్షం కాక ఆ మాట అంటాడు. ఆయన ఒప్పుకుంటేనే.

ఆరేళ్లుగా చప్పుళ్లు కోస్తున్నాను కాకా. ఈ ఒక్కదాన్ని ఎక్కడ కోయాలో నాకు తెలియలేదు. మొత్తంగానే ఉంచేశాను.

నీ సంధ్య